నల్లరేగడి మీద పచ్చ తివాచీ

హ్యూస్టన్‌ అనగానే అంతరిక్ష కేంద్రం గుర్తొస్తుంది. ప్లాస్టిక్‌ గడ్డికి ప్రపంచమంతా తెలిసిన పేరు పెట్టింది కూడా ఆ ఊరే! ఒకప్పుడు స్టేడియంలో పరిచిన ఆ గడ్డి ఇప్పుడు పాత ఇళ్ల పెరళ్లలోకి వచ్చేసింది. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలోకీ వచ్చింది. పిల్లలకు ఆట దొరికింది, బాగానే ఉంది. మరి దాని కింద ఉన్న మట్టి మాటేమిటి? పక్కనున్న చెట్టు సంగతేమిటి?

అమెరికాలోని టెక్సస్‌ రాష్ట్రం, హ్యూస్టన్‌ నగరం. తొలిసారి వెళ్లినవాళ్లు ముందుగా గమనించేది ఆ ఊరి చదును. ఎటు చూసినా కొండ ఉండదు, గుట్ట ఉండదు. కృష్ణా డెల్టాలో కోతలైపోయిన పొలంలా నేల పరచుకుని ఉంటుంది. ఆ చదును మధ్యలోంచి బద్ధకంగా పారే కాలువల్ని అక్కడివాళ్లు ‘బయూ’లంటారు. మన వాగుకీ మురుగు కాలువకీ మధ్య రకం అనుకోవచ్చు. ఏడాదికి అక్కడ కురిసే వాన దాదాపు 50 అంగుళాలు. హైదరాబాద్‌లో కురిసేదానికి ఒకటిన్నర రెట్లు. అంత వానా ఆ బయూల్లోంచే మెల్లగా సముద్రం వైపు వెళ్లాలి.

నగరం లోపల 1950లలో, 60లలో కట్టిన పేటలు చాలానే ఉన్నాయి. బ్రేస్‌ బయూ ఒడ్డున మేయర్‌ల్యాండ్‌, దానికి పడమరగా షార్ప్స్‌టౌన్‌, నాసా కేంద్రం దగ్గర క్లియర్‌లేక్‌. షార్ప్స్‌టౌన్‌ పక్కనే హిల్‌క్రాఫ్ట్‌ వీధి ఉంటుంది. చీరల దుకాణాలూ, కిరాణా కొట్లూ, టిఫిన్‌ హోటళ్లూ నిండిన ఆ ప్రాంతానికి 2010లో ‘మహాత్మాగాంధీ డిస్ట్రిక్ట్‌’ అని అధికారికంగా పేరు పెట్టారు. కందిపప్పు కోసం, చింతపండు కోసం అక్కడికి వెళ్లని తెలుగు కుటుంబం హ్యూస్టన్‌లో అరుదు.

ఈ పాత పేటల్లో ఇళ్లన్నీ దాదాపు ఒక్క తీరే. ఒకటే అంతస్తు, ముందు ఇటుక గోడ, పొడవాటి వాలు కప్పు. వెనక చెక్క ఫెన్సింగ్‌ లోపల విశాలమైన పెరడు. పెరట్లో ఓ ముదురు ఓక్‌ చెట్టో, పీకన్‌ చెట్టో. సుగర్‌ల్యాండ్‌, కేటీ, పియర్‌ల్యాండ్‌ లాంటి శివార్లలో కొత్తగా కట్టిన ఇళ్లు చూడముచ్చటగా, విశాలంగా ఉంటాయి. కానీ ఇల్లు పెరిగేకొద్దీ పెరడు తగ్గింది. ‘ఇల్లు పాతదైనా ఫర్వాలేదు, పిల్లలు పరిగెత్తడానికి జాగా ఉండాలి’ అనుకునే అమ్మానాన్నలు అందుకే ఈ పాత ఇళ్ల వైపు చూస్తారు. కొన్నాక రెండో ఏడాదికల్లా ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది... పెరట్లో టర్ఫ్‌ కోర్టు వేయిద్దామా?

గడ్డి చచ్చిపోయిన స్టేడియం

ఆ చర్చకు మూలం ఆ పేటలకు కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది. దాని పేరు ఆస్ట్రోడోమ్‌. పైకప్పు ఉండి, లోపలంతా ఏసీ చేసిన మొట్టమొదటి భారీ క్రీడా మైదానం. 1965 ఏప్రిల్‌ 9న అందులో తొలి బేస్‌బాల్‌ మ్యాచ్‌ జరిగితే అధ్యక్షుడు లిండన్‌ జాన్సనే స్వయంగా చూడటానికి వచ్చారు. మండే ఎండలూ, ఉక్కపోతా, దోమలూ లేకుండా ఆట చూడొచ్చంటే హ్యూస్టన్‌ జనానికి అంతకన్నా ఏం కావాలి!

లోపల వేసింది నిజమైన గడ్డే. నీడలో కూడా బతుకుతుందని ఏరికోరి తెచ్చిన బెర్ముడా రకం. దానికి వెలుగు అందాలని పైకప్పుకు వేల సంఖ్యలో పారదర్శక పలకలు బిగించారు. చిక్కు అక్కడే వచ్చింది. పగటి ఆటల్లో ఆ పలకల మెరుపుకి ఆటగాళ్ల కళ్లు చెదిరిపోయి, గాల్లోకి లేచిన బంతి కనబడేది కాదు. దాంతో పలకలకు రంగు పూశారు. బంతి కనబడింది, గడ్డి చచ్చిపోయింది! ఆ ఏడాది మిగిలిన ఆటలను ఎండిపోయిన గడ్డికీ, మట్టికీ పచ్చరంగు కొట్టి ఎలాగో పూర్తిచేశారు.

మరుసటి ఏడాదికి దారి వెతుకుతుంటే దొరికింది ‘కెమ్‌గ్రాస్‌’. మోన్‌శాంటో అనుబంధ సంస్థ కెమ్‌స్ట్రాండ్‌ తయారుచేసిన నైలాన్‌ గడ్డి. అప్పటికి తయారైన సరుకు తక్కువ కావడంతో 1966 వసంతంలో ఇన్‌ఫీల్డ్‌ వరకే పరిచారు. జులైలో మిగతా మైదానం నింపారు. పట్టీలుగా వచ్చిన ఆ గడ్డిని జిప్పులతో ఒకదానికొకటి కలిపారు. ఆట మధ్యలో వ్యోమగాముల వేషం వేసుకున్న సిబ్బంది వచ్చి వాక్యూమ్‌ క్లీనర్లతో దాన్ని ఊడుస్తుంటే జనం చప్పట్లు కొట్టేవారు. ఆస్ట్రోడోమ్‌లో పరిచిన గడ్డి కాబట్టి దాని పేరు ‘ఆస్ట్రోటర్ఫ్‌’ అయిపోయింది. 

ఆస్ట్రోస్‌ జట్టు 1999తో ఆ మైదానాన్ని విడిచిపెట్టింది. 2000 నుంచి వాళ్లాడుతున్న కొత్త స్టేడియంలో పైకప్పు తెరుచుకుంటుంది, నేల మీద నిజమైన గడ్డి మొలుస్తుంది! 2005లో కత్రినా తుపానుకు చెదిరిపోయిన వేలమందికి ఆస్ట్రోడోమే తలదాచుకునే చోటయింది. తర్వాత మూతపడింది. 2014లో జాతీయ చారిత్రక కట్టడాల జాబితాకెక్కింది. గడ్డికి పేరిచ్చిన ఇల్లు ఖాళీగా మిగిలింది, గడ్డి మాత్రం ఊరూరా తిరుగుతోంది.

పుట్టింది పిల్లల కోసమే

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆస్ట్రోడోమ్‌కన్నా ముందే ఈ గడ్డిని ఓ బడిలో పరిచారు. పల్లెటూరి కుర్రాళ్లతో పోలిస్తే నగరాల్లో పెరిగినవాళ్లు శారీరకంగా బలహీనంగా ఉంటున్నారని 1950లలో అమెరికాలో గుర్తించారు. కారణం తెలిసిందే. పట్నంలో పరిగెత్తడానికి నేలేదీ? ఫోర్డ్‌ ఫౌండేషన్‌ సాయంతో నడిచిన ఓ సంస్థ, నగరాల్లోని బడులకు ఏడాది పొడవునా పనికొచ్చే ఆటస్థలం ఒకటి తయారుచేయమని పరిశ్రమను ప్రోత్సహించింది. అలా 1964లో రోడ్‌ఐలాండ్‌ రాష్ట్రం ప్రావిడెన్స్‌లోని మోజెస్‌ బ్రౌన్‌ స్కూల్లో ఆ కృత్రిమ పచ్చికను తొలిసారి పెద్దఎత్తున పరిచారు. 

అంటే, పెరట్లో టర్ఫ్‌ వేయిద్దామనే తల్లిదండ్రుల ఆలోచనా, దాన్ని కనిపెట్టడానికి కారణమైన ఆలోచనా ఒక్కటే!

నేల మారితే ఆట కూడా మారుతుంది. ఆ సంగతి మనకు హాకీ నేర్పింది. 1928 నుంచి 1956 దాకా వరసగా ఆరు ఒలింపిక్‌ స్వర్ణాలు గెలిచిన దేశం మనది. 1976 మాంట్రియల్‌ ఒలింపిక్స్‌లో హాకీని తొలిసారి కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. మనం ఏడో స్థానానికి పడిపోయాం. 1980లో మాస్కోలో స్వర్ణం వచ్చినా, ఆ తర్వాత హాకీలో మరో ఒలింపిక్‌ పతకం చూడటానికి 2021 దాకా, టోక్యో దాకా ఆగాల్సి వచ్చింది. పరాజయాలకు కారణం ఒక్క టర్ఫే అనలేం. కానీ గడ్డి మీద నేర్చిన మణికట్టు మాయాజాలం వేగంగా జారే ఆ నేల మీద అంతగా సాగలేదన్నది నిజం.

200 గజాల ఆట

ఇంతకీ ఒక కోర్టుకు ఎంత జాగా కావాలి? బ్యాడ్మింటన్‌ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఇటీవల అమెరికాను ఊపేస్తున్న పికిల్‌బాల్‌ కోర్టుదీ అచ్చంగా అదే కొలత. చుట్టూ కాస్త తిరగడానికి వీలుంచితే 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మన లెక్కలో అక్షరాలా 200 గజాలు. హైదరాబాద్‌లో ఒక ఇంటి స్థలం! టెన్నిస్‌ కోర్టు కావాలంటే 120 అడుగులకు 60 అడుగులు, అంటే 800 గజాలు. అంత జాగా పాత పేటల్లోనూ ఏ కొద్దిమందికో ఉంటుంది. క్రికెట్‌ ప్రాక్టీసుకైతే 66 అడుగుల పొడవూ, పదడుగుల వెడల్పూ ఉంటే వల కట్టుకోవచ్చు. 2024 మే నెలలో హ్యూస్టన్‌ దగ్గరి ప్రెయిరీ వ్యూ మైదానంలో అమెరికా జట్టు బంగ్లాదేశ్‌ మీద టీ20 సిరీస్‌ గెలిచింది. ఆ ముచ్చట తర్వాత బ్యాట్‌ పట్టుకున్న పిల్లల్ని ఆపడం ఎవరి తరం?

ఏ ఆట ఆడతారో ముందే తేల్చుకోవాలి. టర్ఫ్‌ మీద పికిల్‌బాల్‌ బంతి సరిగా లేవదు, దానికి గట్టి నేలే కావాలి. బ్యాడ్మింటన్‌కు ఆ ఇబ్బంది లేదు, కాక్‌ నేలను తాకితే పాయింటు అయిపోయినట్టే. టెన్నిస్‌కైతే పొట్టి గడ్డి, మధ్యలో నిండా ఇసుక ఉండాలి. ఫుట్‌బాల్‌కు పొడవాటి గడ్డి బాగుంటుంది. అన్నీ ఒకే కోర్టులో ఆడాలంటే ఏ ఆటా పూర్తిగా కుదరక, అన్నీ కాస్త కాస్త కుదురుతాయి. చిన్నపిల్లలకు అది చాలు.

గంబో అంటే మన రేగడే

హ్యూస్టన్‌ మట్టిని అక్కడివాళ్లు ‘గంబో’ అని ముద్దుగా పిలుస్తారు. తడిస్తే జిగురు, ఎండితే రాయి. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్‌ రైతులకు ఆ మట్టిని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. మన నల్లరేగడీ, ఆ గంబో ఒకే జాతి. నీళ్లు తాగితే ఉబ్బి, ఎండితే ముడుచుకుని నెర్రెలిచ్చే బంకమన్ను. వేసవిలో రేగడి చేలో చెయ్యి పట్టేంత నెర్రె పడటం చూసినవాళ్లకు, ఆ నేల మీద ఇల్లు కడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ పాత ఇళ్లు నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు పలక మీద నిలబడినవి. కింద మట్టి ఒకపక్క ఉబ్బి, ఇంకోపక్క ముడుచుకుంటే పలక వంగుతుంది. తలుపులు పట్టేస్తాయి, గోడలకు పగుళ్లు వస్తాయి. అందుకే వానల్లేని వేసవిలో హ్యూస్టన్‌లో ఓ చిత్రం కనిపిస్తుంది. ఇంటి గోడ వారగా చిల్లుల గొట్టం పరిచి నీళ్లు వదులుతుంటారు. మొక్కలకేమో అనుకుంటాం. కానీ ఆ తడుపు పునాదికి! 2011లో టెక్సస్‌ను భయంకరమైన కరవు పట్టింది. అప్పుడు రాష్ట్రం మొత్తంమీద 30 కోట్ల చెట్లు చనిపోయి ఉంటాయని అక్కడి అటవీ విభాగం అంచనా వేసింది. అలాంటి ఏడాదిలో ఇంటి పునాదుల గతి ఊహించుకోవచ్చు.

ఇలాంటి నేల మీద టర్ఫ్‌ వేస్తే కింద తడి లెక్క మారిపోతుంది. ఇంటికి ఒకవైపు రాయి, ప్లాస్టిక్‌ కప్పేసి, రెండోవైపు మామూలు తోట ఉంటే రెండు వైపులా మట్టి ఒకేలా ప్రవర్తించదు. అందుకే కోర్టును గోడకు ఆనించకుండా కొన్ని అడుగులు దూరం జరపాలి. వాలు ఇంటివైపు కాకుండా బయటికి ఉండాలి. పాత ఇంటికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. అరవై డెబ్బై ఏళ్లుగా ఆ మట్టీ, ఆ ఇల్లూ ఒకదానికొకటి అలవాటుపడి ఉన్నాయి మరి.

తవ్వకముందే ఒక ఫోన్‌

అమెరికాలో పెరట్లో గునపం దించాలన్నా ముందు 811కు ఫోన్‌ చేయాలి. ఖర్చేమీ ఉండదు. గ్యాస్‌, కరెంటు, టెలిఫోన్‌ సంస్థల తరఫున మనుషులొచ్చి భూమిలో తమ గొట్టాలు, తీగలు ఎటు పోతున్నాయో నేల మీద రంగులతో గీసి వెళతారు. కరెంటుకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, ఫోన్‌ తీగలకు నారింజ, నీటికి నీలం, మురుగుకు ఆకుపచ్చ. రెండు రోజులు పెరడంతా హోలీ ఆడినట్టుంటుంది. కానీ ఇంటి యజమాని సొంతంగా వేయించుకున్న గొట్టాలు వాళ్ల లెక్కలో ఉండవు. పాత ఇళ్లలో మురుగు గొట్టాలు పోత ఇనుమువి, తుప్పు పట్టి ఉంటాయి. వాటిలోకి కెమెరా పంపి ముందే చూసుకోవడం మంచిది. కోర్టు వేశాక గొట్టం పగిలితే, కొత్త గడ్డిని చింపి తవ్వాల్సిందే.

కాగితాల పనీ ఉంటుంది. ఏ స్థలంలో ఏం కట్టాలో చెప్పే జోనింగ్‌ చట్టం లేని పెద్ద నగరంగా హ్యూస్టన్‌కు పేరు. అలాగని ఇష్టారాజ్యమేమీ కాదు. ఇళ్ల దస్తావేజుల్లోనే షరతులు రాసి ఉంటాయి. ఫెన్సింగ్‌ ఎత్తు, దీపాలు, కనిపించే కట్టడాలు... ఒక్కో పేటకు ఒక్కో నియమం. పెరటి చివర కరెంటు, మురుగు లైన్ల కోసం వదిలిన పట్టీ మీద కోర్టు వేస్తే, రేపు వాళ్లొచ్చి తవ్వినా అడగడానికి ఉండదు.

కనబడని పనే అసలు పని

పని మొదలయ్యాక మొదటి రోజుల్లో గడ్డి ఊసే ఉండదు. పాత పచ్చిక, వేళ్లతో సహా నాలుగు నుంచి ఆరంగుళాల మట్టిని ఎత్తేస్తారు. 200 గజాల కోర్టుకు అది రెండు మూడు లారీల మట్టి. తర్వాత నేలను రోలర్‌తో అదిమి, మీద మందపాటి వస్త్రం లాంటి జియోటెక్స్‌టైల్‌ పరుస్తారు. మట్టీ రాయీ కలిసిపోకుండా, నీరు మాత్రం దిగిపోయేలా చూసే జల్లెడ అది. రేగడి నేలల్లో దీన్ని మానేస్తే రెండు వానాకాలాలకల్లా రాయి మట్టిలోకి కూరుకుపోతుంది.

ఆ పైన కంకర. నాలుగంగుళాల మందంలో అయినా 30 టన్నులకు తగ్గదు. అంతా ఒకేసారి పోయకుండా పొరలు పొరలుగా వేసి, తడిపి, యంత్రంతో దిమ్మిస్తారు. చివరి పొర సన్నటి రాతి పొడి. పొడవాటి కర్ర సాయంతో దాన్ని చదును చేస్తారు. ఎక్కడైనా చిన్న గుంట మిగిలితే ఆటలో కాలు మడతపడేది అక్కడే. చదునుగా కనబడుతున్నా నూటికి ఒక అడుగు చొప్పున వాలు ఉంచుతారు. 30 అడుగుల వెడల్పుకు మూడున్నర అంగుళాలు. కంటికి తెలియదు, నీటికి తెలుస్తుంది.

నీటి లెక్క ఒకసారి చూద్దాం. ఆ 200 గజాల మీద ఒక్క అంగుళం వాన పడితే 4,200 లీటర్లకు పైనే. మన దగ్గర ఓ చిన్న నీళ్ల ట్యాంకరు! హ్యూస్టన్‌లో ఒక్క రోజులో పదంగుళాలు కురిసిన సందర్భాలున్నాయి. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు నగరంలో చాలాచోట్ల కొద్దిరోజుల్లోనే 40 అంగుళాలు దాటింది. మేయర్‌ల్యాండ్‌ ఇళ్లలోకి 2015, 2016, 2017 వరసగా మూడేళ్లూ నీళ్లొచ్చాయి. ఆ పేటలో కొందరు ఇళ్లను జాకీలతో పైకెత్తించుకున్నారు, కొందరు పడగొట్టి కట్టుకున్నారు, కొందరు వెళ్లిపోయారు.

అలాంటి చోట కోర్టు అంచున చిల్లుల గొట్టంతో కాలువ వేయకుండా గడ్డి పరిస్తే ఆ నీరంతా ఎటు పోతుంది? పల్లంలో ఉన్న పక్కింటికి. వాననీటి సహజ ప్రవాహాన్ని మళ్లించి ఇంకొకరి ఆస్తికి నష్టం చేయకూడదని టెక్సస్‌ చట్టమే ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి. మన పిల్లల ఆట కోసం పక్కింటి పెద్దావిడ అర్ధరాత్రి నీళ్లు తోడుకోవాల్సి వస్తే ఆ కోర్టులో ఆట రుచిస్తుందా?

ఇదంతా అయ్యాక వస్తుంది గడ్డి. 12 లేదా 15 అడుగుల వెడల్పున్న చుట్టలుగా వస్తుంది. విప్పి, కాసేపు ఎండలో వదిలేస్తే ముడతలు పోతాయి. తివాచీకి ఉన్నట్టే దీని పోచలకూ ఒక వాలు ఉంటుంది. అన్ని పట్టీలూ ఒకే వైపు వాలేలా పరచాలి, లేకపోతే ఎండ పడినప్పుడు రెండు రంగుల గుడ్డలా కనబడుతుంది. అంచుల కింద పట్టీ పెట్టి జిగురుతో అతికిస్తారు. తడి ఉంటే జిగురు పట్టదు కాబట్టి వాన సూచన ఉంటే ఆ పని ఆపేస్తారు. గీతలు కూడా రంగు పూసినవి కాకుండా, తెల్ల గడ్డిని కోసి అతికించినవైతే మన్నుతాయి. చివరగా పోచల మధ్య ఇసుక చల్లి, బ్రష్‌ యంత్రంతో లోపలికి దింపుతారు. పోచల్ని నిలబెట్టేదీ, గాలికి లేవకుండా పట్టి ఉంచేదీ ఆ ఇసుకే.

చెట్టా? కోర్టా?

పాత ఇంటి పెరట్లో పెద్ద తగువు చెట్టు దగ్గరే వస్తుంది. పీకన్‌ టెక్సస్‌ రాష్ట్ర వృక్షం. 1919లోనే ఆ గౌరవం ఇచ్చారు. శరదృతువులో దాని కాయలు ఏరుకోవడం అక్కడి పిల్లలకు పండగ. లైవ్‌ ఓక్‌ అయితే ఏడాది పొడవునా పచ్చగా, మన మర్రిలా కొమ్మలు చాచుకుని ఉంటుంది. ఇల్లు కట్టిన రోజుల్లో నాటిన మొక్క ఇప్పుడు పెరడంతటికీ గొడుగు పట్టి ఉంటుంది.

చెట్టు వేళ్లు పాతాళానికి దిగుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నీళ్లూ పోషకాలూ తాగే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. కొమ్మలు చాచినంత మేరా, ఆ బయటికి కూడా పాకుతాయి. కోర్టు కోసం ఆరంగుళాలు తవ్వితే తెగేవి అవే. చెట్టు ఆ రోజే పడిపోదు. రెండు మూడేళ్లకు ఒక్కో కొమ్మా ఎండుతూ వస్తుంది. అప్పటికి టర్ఫ్‌ వేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు, ‘చెట్టుకి ఏదో తెగులు’ అనుకుంటారు. వేళ్లు తెగిన పెద్ద చెట్టు గాలివానకు ఇంటి మీద పడే ప్రమాదం సరేసరి.

ఇంకో సంగతి... చెట్టు పోతే కోర్టే పనికిరాకుండా పోతుంది! ప్లాస్టిక్‌ గడ్డికి చెమట పట్టదు. మామూలు గడ్డి నీటిని ఆవిరి చేస్తూ తనను తాను చల్లబరుచుకుంటుంది. ప్లాస్టిక్‌ ఆ పని చేయలేదు. 37 డిగ్రీల ఎండలో టర్ఫ్‌ పైభాగం 65 డిగ్రీలు దాటిన కొలతలున్నాయి. చెప్పుల్లేని కాళ్లు కాలిపోతాయి. గొట్టంతో నీళ్లు చల్లితే చల్లబడుతుంది కానీ, కాసేపటికే మళ్లీ కాగుతుంది. హ్యూస్టన్‌ వేసవిలో మధ్యాహ్నం పూట నీడలేని కోర్టు ఖాళీగానే ఉంటుంది. సాయంత్రం ఆడుకోవాలన్నా పడమటి వైపు నీడ ఉండాలి.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు కోర్టును కాస్త కుదిస్తారు, లేదా పక్కకు తిప్పుతారు. చెట్టు కొమ్మల కింద మేర తవ్వకుండా వదిలేసి, అక్కడ చెక్కముక్కల పొట్టు పరిచి బెంచీ వేస్తారు. పిల్లలు ఆడుతుంటే పెద్దవాళ్లు కూర్చునే చోటు అదే అవుతుంది. ఆకులూ కాయలూ రాలి టర్ఫ్‌ మీద పడతాయి, నిజమే. వారానికోసారి ఊడ్చుకోవాలి.

పచ్చగా ఉన్నా ముసలిదవుతుంది

‘నీళ్లు పోయక్కర్లేదు, కోయక్కర్లేదు, శాశ్వతం’ అని చెప్పే అమ్మకందారు మాట సగమే నిజం. నీళ్లు, కోత లేవు. కానీ పోచలు వాలిపోతాయి, దువ్వాలి. ఇసుక కదిలిపోతుంది, నింపాలి. వాన ప్రాంతంలో నీడపట్టున పాచి పడుతుంది, కడగాలి. ఎండకు ప్లాస్టిక్‌ పెళుసెక్కి, పదేళ్లూ పదిహేనేళ్లకు మార్చాల్సి వస్తుంది. మార్చినప్పుడు ఆ ఇసుకతో నిండిన పాత చుట్టల్ని ఎక్కడ పారేయాలన్నది ఇప్పటికీ పెద్ద ప్రశ్నే.

పోచల మధ్య ఏం నింపుతున్నారో కూడా అడగాలి. ఫుట్‌బాల్‌ మైదానాల్లో పాత టైర్లను నలిపి చేసిన రబ్బరు పలుకులు వాడుతుంటారు. అవి బూట్లకు అంటుకుని ఇంట్లోకొస్తాయి, వాన నీటితో కాలువల్లోకి పోతాయి. సూక్ష్మ ప్లాస్టిక్‌ కింద లెక్కగట్టి ఇలాంటి పలుకుల అమ్మకాన్ని 2031 అక్టోబరు నుంచి నిషేధిస్తూ యూరోపియన్‌ యూనియన్‌ 2023లో నిబంధన తెచ్చింది. ఇంటి కోర్టుకు ఆ రబ్బరు అవసరమే లేదు, శుభ్రమైన ఇసుక చాలు.

గోంగూరకు కాస్త చోటు

ఈ కబుర్లన్నీ అమెరికావాళ్లకే అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌, విజయవాడల్లోనూ పాత ఇళ్ల స్థలాల్లో, ఖాళీ జాగాల్లో, ఆఖరికి డాబాల మీద కూడా వల కట్టిన పచ్చటి ‘బాక్స్‌ క్రికెట్‌’ కోర్టులు వెలిశాయి. రాత్రిళ్లు దీపాల వెలుగులో గంటల లెక్కన అద్దెకిస్తున్నారు. సొంత ఊళ్లో తాతల నాటి ఇంటి పెరడు ఖాళీగా ఉంటే, సెలవులకొచ్చే మనవల కోసం టర్ఫ్‌ వేయిద్దామనుకునే తాతయ్యలూ ఉన్నారు. మన దగ్గరా కింద ఉన్నది చాలాచోట్ల అదే రేగడి. మీద పడేది అదే కుండపోత. పెరటి మూలన పీకన్‌కు బదులు మామిడో వేపో ఉంటుంది, అంతే తేడా.

కాబట్టి గడ్డి నమూనాల పుస్తకం తెరిచే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. మంచి వాన పడిన రోజున గొడుగేసుకుని పెరట్లో నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో గమనించాలి. నడివేసవిలో సాయంత్రం నాలుగింటికి నీడ ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టుకోవాలి. పిల్లలు నిజంగా ఏ ఆట ఆడుతున్నారో ఒక నెల కనిపెట్టి చూడాలి. ఈ మూడూ తెలిస్తే కోర్టు ఎక్కడ వేయాలో, ఎంత వేయాలో పెరడే చెబుతుంది. చాలాసార్లు 200 గజాలనుకున్నది 100 గజాలతో సరిపోతుంది.

మిగిలిన 100 గజాలూ మట్టిగానే ఉండనివ్వచ్చు. హ్యూస్టన్‌ ఎండకూ ఉక్కకూ గోంగూర, బెండ, కరివేపాకు చక్కగా కాపుకొస్తాయి. ఇండియా నుంచి ఆర్నెల్లకోసారి వచ్చే అమ్మమ్మలకు ఆ మడి లేకపోతే పొద్దుపోదు. ఒకపక్క మనవడు బౌలింగ్‌ చేస్తుంటాడు, ఇంకోపక్క అమ్మమ్మ గోంగూర కోస్తుంటుంది. బంతి మడిలో పడ్డప్పుడల్లా చిన్న తగువు. అలాంటి తగువుకు చోటున్న పెరడు ఏ దేశంలోనైనా మంచి పెరడే.